ఎవరికి చూపిస్తారు?

2025 మార్చిలో, లాక్‌డౌన్‌కు ఐదేళ్లు నిండుతున్న రోజుల్లో, దిల్లీలోని ఒక పత్రికా ఛాయాచిత్రకారునికి ఒక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ విషాదాన్ని స్మరిస్తూ ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నామనీ, ఆయన తీసిన 'ఆ చిత్రం' లేకుండా ప్రదర్శన అసంపూర్ణమవుతుందనీ అందులో రాశారు. ఏ చిత్రమో వివరించలేదు. వివరించనక్కరలేదు. నెత్తిన మూట, భుజాన నిద్రపోతున్న బిడ్డ, వంచిన తల, వెనుక పొగమంచులో కరిగిపోతున్నట్టున్న జనప్రవాహం. ఆయన పేరు తెలియనివారు కూడా ఆ చిత్రాన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

ఆ రాత్రి ఆయన పాత హార్డ్‌డిస్కు తెరచి 2020 మార్చి 28 సాయంత్రపు చిత్రాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. లోకానికి తెలిసిన ఆ చిత్రం పక్కనే, దాదాపు మూడు క్షణాల తరువాత తీసిన మరొకటి ఉంది. అందులో అదే స్త్రీ తల ఎత్తి ఉంది. నేరుగా కటకంలోకి చూస్తున్నది. పెదవులు కాస్త తెరచి ఉన్నాయి. ఆమె ఏదో అంటున్నది. ఏమన్నదో ఆయన మరచిపోలేదు. ఐదేళ్లుగా ఎవరికీ చూపించని చిత్రం అది. ఎవరికీ చెప్పని మాట అది.

నాలుగు గంటల వ్యవధిలో దేశమంతా మూతపడుతుందని మార్చి 24 రాత్రి ప్రధాని ప్రకటించారు. ఆ తరువాత మూడు రోజులకే రాజధానిలోని గదుల అద్దెలూ, దినకూలీల జేబులూ, యజమానుల దయాదాక్షిణ్యాలూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బస్సులు నడుపుతున్నదన్న వార్త పాకడంతో వేలాదిమంది ఆనంద్ విహార్ వైపు కదిలారు. ఆయన ఆ దారిలోనే, ఫ్లైఓవర్ కింద నిలబడి చిత్రాలు తీస్తున్నారు. మెడలో పాసు, ముఖానికి మాస్కు, చేతిలో కెమెరా. పోలీసులు ఆపని అతి కొద్దిమందిలో తానూ ఒకడినన్న స్పృహ ఆయనను ఆ రోజంతా బాధిస్తూనే ఉంది. అయినా పని ఆగలేదు.

ఆమె దగ్గరకు వచ్చేసరికి ఒకసారి షట్టర్ నొక్కారు. ఆ చప్పుడుకు ఆమె తల ఎత్తింది. అలవాటు పడిన వేలు మళ్లీ నొక్కింది. అప్పుడామె అడిగింది: "ఇది ఎవరికి చూపిస్తావు, భయ్యా?"

కోపం లేదు, వేడుకోలు లేదు. సరుకు కొనబోయే మనిషి ధర అడిగినట్టు అడిగింది. ఆయన "పేపర్లో వేస్తారు" అన్నారు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "పేపరు సర్కారు కూడా చదువుతుంది కదా! అయితే బస్సు ఎప్పుడొస్తుందో అందులో రాయించు" అని చెప్పి సాగిపోయింది. వెనుక నడుస్తున్న ఒకతను తామంతా మహోబా వెళ్తున్నామన్నాడు. ఆయన ఆమె పేరు అడగలేదు. అడిగేంత వ్యవధి లేదని ఆనాడు అనుకున్నారు. ఇప్పుడు చిత్రాల వరుసలోని సమయాలు చూసుకుంటే, ఆమె దాటిపోయిన తరువాత పూర్తిగా నాలుగు నిమిషాలు ఆయన ఏ చిత్రమూ తీయలేదని తెలుస్తున్నది. వ్యవధి ఉంది. అడగాలన్న ఆలోచనే రాలేదు.

కార్యాలయానికి రెండు చిత్రాలూ వెళ్లాయి. ఎడిటర్ మొదటిదాన్ని ఎంచుకున్నారు. రెండవ దానిలో 'ఆ భావం' లేదన్నారు. 'ఉత్తరప్రదేశ్‌కు నడచి వెళ్తున్న వలస కార్మికురాలు' అన్న వ్యాఖ్యతో చిత్రం మొదటి పేజీకి ఎక్కింది. ఆ తరువాత దాని ప్రయాణం ఆయన చేతుల్లో లేదు. ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని పెట్టి విరాళాలు సేకరించింది. ఒక ప్రతిపక్ష పార్టీ అనుమతి లేకుండానే గోడపత్రిక వేసింది. అధికారపక్షపు అభిమానులు అది పాతదనీ, పొరుగుదేశానిదనీ, అబద్ధమనీ ప్రచారం చేశారు. ఎవరో ఆమె ముఖానికి రంగులద్ది దేశమాతగా చిత్రించారు. ఆయనకు ఒక బహుమతి కూడా వచ్చింది. ఇంత జరిగినా, బస్సు ఎప్పుడొస్తుందన్న సంగతి మాత్రం ఆ చిత్రం ఉన్న ఏ పేజీలోనూ లేదు.

ఎవరికి చూపించడానికి చిత్రం తీస్తారు? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఉన్న కాలం ఒకటి ఉండేదని ఆయనకు అనిపిస్తుంది. 1943లో బెంగాల్ పల్లెలు ఆకలితో ఖాళీ అవుతూ, కలకత్తా పేవ్‌మెంట్లు శవాలతో నిండుతున్నప్పుడు, యుద్ధకాలపు సెన్సారు నీడలో పత్రికలు 'దుర్భిక్షం' అన్న మాట వాడడానికే వెనుకాడాయి. ప్రభుత్వం దుర్భిక్ష నియమావళి ప్రకారం కరువును ప్రకటించనే లేదు. ప్రకటిస్తే తిండి పెట్టే బాధ్యత తలకెత్తుకోవాలి. మాటలకు సంకెళ్లు ఉన్నాయి గానీ ఛాయాచిత్రాల మీద అంత పట్టింపు లేదని 'స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ గ్రహించారు. ఆగస్టు 22న ఆకలిచావుల చిత్రాలను అచ్చువేశారు. కలకత్తాలో రోజూ కళ్లతో చూస్తున్నవారికి వాటి అవసరం లేదు. అవి దిల్లీ కోసం, లండన్ కోసం. చూడనట్టు నటిస్తున్నవారి బల్ల మీద పెట్టడం కోసం. ఇంగ్లిషువాడైన సంపాదకుడు ఇంగ్లిషు ప్రభుత్వానికి చూపిన అద్దం అది.

అదే సంవత్సరం కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషీ కలకత్తాలో ఒక ఆంగ్లసాహిత్య విద్యార్థిని చదువు మానిపించి తనవెంట కరువు పల్లెలకు తీసుకువెళ్లారు. ఆ యువకుడు సునీల్ జానా. 1918లో అస్సాంలోని డిబ్రూగఢ్‌లో పుట్టినవాడు. చిన్ననాటనే ఒక కంటి చూపు పోగొట్టుకున్నవాడు. ఆ మిగిలిన ఒక్క కంటితో ఆయన తీసిన చిత్రాలు పార్టీ వారపత్రిక 'పీపుల్స్ వార్'లో వెలువడి, భారతదేశపు ఆకలికి ఒక ముఖాన్ని ఇచ్చాయి. కొన్ని పోస్టుకార్డులుగా అచ్చయి సహాయనిధికి డబ్బు తెచ్చాయి. బెంగాల్ తరువాత ఒడిశా. ఆ తరువాత దక్షిణాది కరువు ప్రాంతాలు, అందులో రాయలసీమ కూడా. జానాకు తన చిత్రం ఎవరికో తెలుసు. పార్టీ పాఠకునికి, చందా ఇచ్చే మధ్యతరగతి మనిషికి, రేపటి ఉద్యమానికి. ఆ స్పష్టత ఆయనకు బలాన్నిచ్చింది. కానీ ఆ స్పష్టత కూడా ఆయనను పూర్తిగా కాపాడలేదు. చచ్చిపోతున్న మనుషుల ముందు కెమెరా ఎత్తడం ఎంత దుస్సహమో ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నారు.

దిల్లీ ఛాయాచిత్రకారుడు జానా చిత్రాలను మొదట చూసింది వృత్తిలో చేరిన కొత్తలో, ఒక గ్రంథాలయంలో. తొలి స్పందన ఆశ్చర్యం. ఆ వెంటనే అపరాధభావం. ఎందుకంటే ఆయన మొదట గమనించినది వెలుగును. ఎముకల గూడు మీద పడిన ఏటవాలు ఎండను, ఖాళీ ఆకాశాన్ని, చిత్రపు అమరికను. ఆకలిని గమనించింది ఆ తరువాత. తాను తీసిన మహోబా స్త్రీ చిత్రంలోనూ ఇదే జరిగిందని ఆయనకు తెలుసు. ఫ్లైఓవర్ నీడలోంచి ఆమె వెలుతురులోకి అడుగు పెట్టే క్షణం కోసం ఆయన వేచి ఉన్నారు. బాధకు సరైన వెలుతురు కోసం ఎదురుచూశారు. అది వృత్తి నైపుణ్యమే. దాన్ని ఒప్పుకోవడానికి మాత్రం ఐదేళ్లు పట్టింది.

అందమైన చిత్రం తీయడం తప్పా? ఈ ప్రశ్న జానా జీవితాన్ని కూడా రెండుగా చీల్చింది. 1948లో పార్టీ కలకత్తా మహాసభలో జోషీ స్థానంలోకి రణదివే వచ్చారు. పంథా మారింది. జోషీ మనుషులు దూరమయ్యారు, వారిలో జానా కూడా. తన కంటికి దిశ చూపిన సంస్థ తనను అక్కరలేదనుకున్న తరువాత, బతుకు కోసం ఆయన కలకత్తాలో స్టూడియో పెట్టుకున్నారు. కర్మాగారాలు, గనులు, ఆనకట్టలు, ఆలయ శిల్పాలు తీశారు. శాంతారావు వంటి నర్తకీమణులను తీశారు. వెరియర్ ఎల్విన్‌తో కలసి ఆదివాసీల మధ్య తిరిగారు. కరువు చిత్రాలూ నాట్యచిత్రాలూ ఒకే మనిషివని నమ్మడం కష్టం అనేవారున్నారు. కష్టమెందుకో అర్థం కాదు. పస్తున్న దేహానికీ, పనిచేసే దేహానికీ, నర్తించే దేహానికీ ఆయన ఇచ్చిన గౌరవం ఒక్కటే. మనిషిని కింది నుంచి చూసి పైకెత్తే చూపు అది. దానిని ఏ పార్టీ సభ్యత్వమూ ఇవ్వలేదు కాబట్టి, ఏ పార్టీ తీర్మానమూ తీసుకుపోలేకపోయింది. జానా 2012లో అమెరికాలోని బర్క్‌లీలో కన్నుమూశారు. ఆ ఏడే ఆయనకు పద్మభూషణ్ వచ్చింది.

దిల్లీ ఛాయాచిత్రకారునికి పార్టీ ఏనాడూ లేదు. ఉన్నదల్లా ఉద్యోగం. ఆయన సెలవురోజుల్లో తనకోసం తీసుకునే చిత్రాలు వేరు. పాత దిల్లీ గోడల మీద ఎన్నికల రాతలు, వాటి మీద వేసిన సున్నం, సున్నం కింది నుంచి మళ్లీ బయటపడుతున్న పాత గుర్తులు. ఒక గోడను ఆయన పదిహేనేళ్లుగా తీస్తున్నారు. ఏ ప్రభుత్వమూ ఆ గోడను పూర్తిగా చెరపలేకపోయింది. ఆ వరుసను ఎక్కడా ప్రచురించలేదు. ఉద్యోగంలో తీసేవి రోజుకో ముఖం చొప్పున పోతుంటే, ఆ గోడ ఒక్కటే తనకు నిలకడ నేర్పిందని ఆయన అనుకుంటారు. ఒక చిత్రం అబద్ధమాడవచ్చు. పదిహేనేళ్ల చిత్రాల వరుస అబద్ధమాడడం కష్టం.

ఆయన స్వస్థలం అనంతపురం జిల్లా. అక్కడి కరువును కావ్యం చేసిన పాత్రికేయుడు విద్వాన్ విశ్వం పుట్టిన జిల్లా అది. 1952 కరువులో సీమలో గంజి కేంద్రాలు వెలిశాయి. ఆయన అవ్వకు అప్పుడు పద్నాలుగేళ్లు. గంజి కోసం వరుసలో నిలబడి ఉండగా, ప్యాంటూ టోపీ పెట్టుకున్న మనిషెవరో జీపు దిగి ఫొటో తీయబోయాడట. అవ్వ చేతిలోని సత్తుగిన్నెను ముఖానికి అడ్డం పెట్టుకుంది. "కూటికి నిలబడిన్యామని ఊరూరా తెలిస్తే నాకు పెండ్లెట్లా అయితాదిరా?" అని చెప్పి పెద్దగా నవ్వేది. ఆమె నవ్వుతుంటే ఇంట్లో పిల్లలూ నవ్వేవారు. తరువాత మనుమడు కెమెరా కొనుక్కుని ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఆ కథ మళ్లీ చెప్పింది. ఆ రోజు నవ్వలేదు.

ఆ జీపు మనిషి తీసిన చిత్రం ఎక్కడో ప్రభుత్వ దస్త్రాలలోనో, ఏ పత్రిక నిల్వలలోనో ఉండి ఉండవచ్చు. అందులో గిన్నె వెనుక దాగిన ఒక పిల్ల ఉంటుంది. చూసేవారు ఆకలి తీవ్రతకు అది గుర్తు అనుకుంటారు. గిన్నె వెనుక ఉన్నది ఆకలి ఒక్కటే కాదు, పెళ్లి గురించిన బెంగ, ఊరి ముందు నిలవాల్సిన పరువు అని చిత్రం చెప్పలేదు. ఎవరైనా అడిగి రాసుకుంటే తప్ప తెలియదు.

అడిగి రాసుకున్నవారు లేకపోలేదు. జానా కాలంలోనే, అదే పార్టీకి పనిచేసిన చిత్రకారుడు చిత్తప్రసాద్ 1943 నవంబరులో మిడ్నపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి ఆకలి మనుషులను గీశారు. గీసిన వారి పేర్లు, ఊళ్లు, వారికేం జరిగిందో కూడా బొమ్మల వెంట రాశారు. 'హంగ్రీ బెంగాల్' పేరుతో వెలువడిన ఆ పుస్తకపు ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని దాదాపు అన్నిటినీ తగలబెట్టింది. ఆకలిగొన్న అనామకులను పాలకులు ప్రకృతి విపత్తు ఖాతాలో వేసి సరిపెట్టగలరు. పేరు, ఊరు ఉన్న మనిషి చావుకు మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆ పుస్తకం కాలిపోవడానికి కారణం బొమ్మలు ఎంతో, పేర్లూ అంతేనేమో.

పేరు అడగని చిత్రానికి ఏమవుతుందో అమెరికాలో డొరొతియా లాంగ్ తీసిన 'మైగ్రంట్ మదర్' చెబుతుంది. 1936లో కాలిఫోర్నియాలోని బఠాణీ కూలీల శిబిరంలో తీసిన ఆ చిత్రం పత్రికలో రాగానే ఆ శిబిరానికి ప్రభుత్వం ఆహారం పంపింది. అప్పటికే ఆ తల్లి, ఆమె పిల్లలు అక్కడి నుంచి వెళ్లిపోయారు. లాంగ్ ఆమె పేరు రాసుకోలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న ఆ పేరు లోకానికి తెలిసింది 1978లో. ఆ చిత్రం వల్ల తనకు ఒరిగిందేమీ లేదనీ, అసలు తీయకుండా ఉంటే బాగుండేదనీ ఆమె అన్నది. చిత్రం ఎందరికో మేలు చేసింది. చిత్రంలోని మనిషికి చేయలేదు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజమవుతాయి. ఒకదానితో రెండవదానిని కొట్టివేయలేం.

1943లో చూడనట్టు నటించినవారికి చూపితే కొంత కదలిక వచ్చింది. ఇప్పటి సంగతి వేరు. 2020 సెప్టెంబరు 14న, లాక్‌డౌన్ కాలంలో ఎందరు వలస కార్మికులు దారిలో చనిపోయారని పార్లమెంటులో అడిగితే, అటువంటి సమాచారం లేదని కేంద్ర కార్మికశాఖ జవాబిచ్చింది. కోటికి పైగా కార్మికులు సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారని అదే శాఖ లెక్క చెప్పింది. నడిచినవారికి లెక్క ఉంది, నడుస్తూ కూలినవారికి లేదు. మరుసటి ఏడాది జూలై 20న, ఆక్సిజన్ కొరతతో చనిపోయారని రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా నివేదించలేదని రాజ్యసభకు తెలిపారు. ఆ ఏప్రిల్‌లో దిల్లీ శ్మశానాల దగ్గర కట్టెల కోసం గంటల తరబడి వేచి ఉన్న కుటుంబాల మధ్య ఈ ఛాయాచిత్రకారుడు తిరిగారు. సమాచారం లేదన్న జవాబు విన్న రోజున తన హార్డ్‌డిస్కును ఆయన కొత్తగా చూశారు. ప్రభుత్వం లేదంటున్న సమాచారం అందులో, తేదీతో, గంటతో, నిమిషంతో సహా ఉంది.

ఆ చితుల వెలుగును ఆకాశం నుంచి తీసి ప్రపంచానికి చూపినవారిలో రాయిటర్స్ ఛాయాచిత్రకారుడు డానిష్ సిద్దిఖీ ఒకరు. రోహింగ్యా శరణార్థుల చిత్రాలకు 2018లో పులిట్జర్ అందుకున్న బృందంలో ఆయన ఉన్నారు. పడవ దిగి బంగ్లాదేశ్ ఒడ్డును చేత్తో తాకుతున్న స్త్రీ చిత్రం ఆయనదే. శ్మశానాల చిత్రాలు దేశానికి అపకీర్తి అని ఆయనను తిట్టినవారున్నారు. 2021 జూలై 16న అఫ్గానిస్తాన్‌లోని స్పిన్ బోల్దక్ దగ్గర ఆయన హతుడయ్యారు. మరణవార్త మీద కూడా కొందరు సంబరపడ్డారు. 2022లో కోవిడ్ చిత్రాలకు ఆయనకు మరణానంతరం, ముగ్గురు సహచరులతో కలిపి పులిట్జర్ ప్రకటించారు. ఆ ముగ్గురిలో ఒకరైన కశ్మీరీ ఛాయాచిత్రకారిణి సన్నా ఇర్షాద్ మట్టూను, బహుమతి అందుకోవడానికి న్యూయార్క్ వెళ్లబోతుండగా ఆ అక్టోబరులో దిల్లీ విమానాశ్రయంలో ఆపివేశారు. వీసా ఉంది, టిక్కెట్టు ఉంది. కారణం మాత్రం చెప్పలేదు.

ఇక కొత్త చిక్కు ఒకటి వచ్చింది. యంత్రం అడిగిన వెంటనే కన్నీళ్లను సృష్టించగలుగుతున్నది. నడవని మనుషులను నడిపించగలుగుతున్నది. పుట్టని బిడ్డలను భుజాన నిద్రపుచ్చగలుగుతున్నది. అబద్ధపు బొమ్మను జనం నిజమని నమ్మడం ఇందులో ఒక ప్రమాదం. నిజమైన బొమ్మను అబద్ధమని తోసిపుచ్చడానికి అధికారంలో ఉన్నవారికి సాకు దొరకడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మహోబా స్త్రీ చిత్రాన్ని అబద్ధమన్నవారికి 2020లో ఏ ఆధారమూ లేదు. ఈరోజు అంటే ఆధారం అడిగేవారు కూడా ఉండరు. అప్పుడు చిత్రానికి సాక్ష్యం ఎవరు? ఆ మనిషి. పేరున్న, ఊరున్న, అవును అది నేనే అని చెప్పగల మనిషి. ఆ సాక్షిని ఆయన నాలుగు నిమిషాల వ్యవధి ఉండి కూడా పోగొట్టుకున్నారు. అడగకపోవడం మర్యాదలోపమని ఇన్నాళ్లూ అనుకున్న ఆయనకు, అది వృత్తిలోపం కూడానని ఆ రాత్రి అర్థమైంది.

తెల్లవారుజామున ఆయన సంస్థకు జవాబు రాశారు. మొదటి చిత్రం ఇవ్వలేనన్నారు. దాన్ని దేశం చూడవలసినంత చూసింది. చూసి జాలిపడింది. జాలి పడినవారు తల వంచుకున్న స్త్రీనే గుర్తు పెట్టుకున్నారు. రెండవ చిత్రం జతచేశారు. దానికీ ఆమె అనుమతి లేదని ఆయనకు తెలుసు. ఆమె వద్దనలేదు, సరేననీ అనలేదు. ఒక ప్రశ్న వేసింది, ఒక పని అప్పగించింది. ఆ ప్రశ్నను అలాగే జనం ముందు పెట్టడం ద్వారా తన తప్పు మాసిపోతుందన్న భ్రమ ఆయనకు లేదు. కానీ చూసేవారు ఆమెను చూస్తున్నంతసేపూ ఆమె కూడా వారిని చూస్తుంది. అంతవరకైనా న్యాయం జరుగుతుందనుకున్నారు.

చిత్రం కింద ఈ వ్యాఖ్య రాశారు: "దిల్లీ, 2020 మార్చి 28, సాయంత్రం. ఈ చిత్రం ఎవరికి చూపిస్తావని ఈమె అడిగింది. బస్సు ఎప్పుడొస్తుందో పత్రికలో రాయించమన్నది. రాయించలేదు. ఈమె పేరు ఛాయాచిత్రకారుడు అడగలేదు."

సంస్థవారు రెండు రోజుల్లోనే బదులిచ్చారు. రెండవ చిత్రం తాము ఊహించినది కాదనీ, అయినా బలంగా ఉందనీ, ప్రదర్శించడానికి అభ్యంతరం లేదనీ రాశారు. వ్యాఖ్య మాత్రం కొంచెం పొడుగైందనీ, చివరి వాక్యం సందర్శకుల దృష్టిని విషయం నుంచి మళ్లిస్తుందనీ, దాన్ని తీసేయడానికి అంగీకరించాలనీ కోరారు.

విషయం అదేనని ఆయన రాశారు. ఆ వాక్యం తీసేస్తే చిత్రాన్ని కూడా తీసేయమన్నారు. కెమెరా సంచిలో లెన్సుల పక్కన ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకుని ఆ రోజు పనికి బయలుదేరారు.